చదువు రేవు చేరేదెట్లా?



ప్రతి సంవత్సరం వార్షిక సంచికకు ఏదో ఒక వ్యాసం రాయమని పెద్దలు అడుగుతారు. మేమూ ఏదో ఒకటి రాసి ఇస్తూ వుంటాం. ఈ ఏడు మాత్రం వాళ్లు అడగకముందే కలం పట్టుకున్నాం. కారణం మీకు తెలిసిందే. రాబోయే సర్వసభ్య సమావేశం ముందు రెండు ప్రతిపాదనలు వున్నాయి. పోగైన నిధితో షాదీఖానా మీద మేడ వేయాలని ఒకటి. వాడరేవు వైపు తీరపు పల్లెల్లోను, లోపలి మిరప వూళ్లలోను పిల్లలకు, తల్లులకు సాయంత్రంపూట చదువు చెప్పే కేంద్రాలు పెట్టాలని రెండోది. మేము ఉర్దూ మీడియం బడిలో పంతులు పని చేసేవాళ్లం కనుక రెండోదాని వైపు మొగ్గుతామని ఎవరైనా అనవచ్చు. ఆ మాట నిజమే, దాచుకోవలసిన పని లేదు. అయితే వాదన కంటే ముందు చరిత్ర చెప్పుకుందాం. మన చుట్టుపక్కల యాభై మైళ్లలోనే, చేతిలో పెద్ద డబ్బు లేని మనుషులు చదువును పల్లె గడపదాకా ఎట్లా తెచ్చారో, అది ఎక్కడ నిలిచిందో, ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం. తర్వాత నిర్ణయం సభవారిది.

వాడరేవు అనే పేరులో 'వాడ' అంటే ఓడ అని పెద్దలు చెబుతారు. ఓడలు ఆగే రేవు కనుక వాడరేవు. దీపస్తంభం, పడవలు, వలలు, ఎండుచేపల వాసన, సెలవు రోజున చీరాల నుంచి వచ్చే జనం, ఇదీ అందరికీ తెలిసిన వాడరేవు. గుంటూరు జిల్లాలో వుండిన ఈ ప్రాంతం 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి మనం బాపట్ల జిల్లా వాళ్లం. జిల్లా పేరు మూడుసార్లు మారింది. వేటకు పోయే ఇంట్లో పిల్లవాడి చదువు మాత్రం అంత తొందరగా మారలేదు. పడవ తెల్లవారుజామున పోతుంది, ఒడ్డుకు వచ్చాక చేపలు ఏరాలి, గంపలకెత్తాలి. బడి గంటకు, సముద్రం గంటకు ఎప్పుడూ పొత్తు కుదరదు.

లోపలికి పోతే నల్లరేగడి. అక్కడ పత్తి, మిరప. పత్తితీతకు, మిరపకోతకు కుటుంబాలు కుటుంబాలే కదులుతాయి. సంక్రాంతి దాటాక మిరపకోతలకు పోయిన ఇల్లు ఉగాది దాటినా తిరిగిరాదు. మా తరగతిలో ఒక ఆడపిల్ల వుండేది. నాలుగో తరగతి. చక్కగా చదివేది. ఫిబ్రవరిలో అమ్మానాన్నలతో కోతలకు పోయింది. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. మరుసటి ఏడు మళ్లీ అంతే. మూడో ఏడు ఆ పిల్ల బడికి రాలేదు. దారిలో కనబడితే తల వంచుకుని పోయింది. ఆ పిల్ల తప్పు ఏమిటి? బడి దగ్గరకు ఆ పిల్ల రాలేకపోయింది, ఆ పిల్ల దగ్గరకు బడి పోలేదు. ఇంతే సంగతి.

వేటపాలెం పాఠం

చీరాలకు కొద్ది మైళ్ల దూరంలోనే వేటపాలెం వుంది. నేతపనివాళ్ల వూరు. 1918లో అక్కడ వి.వి. శ్రేష్ఠి గారు, మరికొందరు యువకులు కలిసి ఒక గ్రంథాలయం మొదలుపెట్టారు. అదే సారస్వత నికేతనం. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన విరిగిన చేతికర్రను ఇప్పటికీ అక్కడ జాగ్రత్తగా దాచి వుంచారు. ఇది పట్నం కాదు, జిల్లా కేంద్రం కాదు. అయినా పాత తెలుగు పత్రికలు చూడాలంటే పరిశోధకులు దూరప్రాంతాల నుంచి, విదేశాల నుంచి కూడా ఆ వూరికి రావలసిందే. మగ్గాల వూళ్లో అంతటి పుస్తకాల కొట్టు ఎట్లా నిలిచింది? ఎవరో పంపిస్తే వచ్చింది కాదు. వూరివాళ్లు తమది అనుకున్నారు. నూరేళ్లు దాటినా తమది అనే అనుకుంటున్నారు. అదే దాని పునాది. గాంధీగారు వేసింది రాతి పునాది మాత్రమే.

వేటపాలెం ఒంటరిగా లేచిన వూరేమీ కాదు. దాని వెనక ఒక పెద్ద కదలిక వుంది. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లంతా మొదటిసారి సభ జరుపుకున్నారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు దానికి అధ్యక్షులు. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఆ పని భుజాన వేసుకుని వూరూరా తిరిగారు. 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రిక నడిపారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు వయోజన విద్యను దానికి జోడించారు. పుస్తకం వుంటే చాలదు, చదవలేని పెద్దవాళ్లకు చదవడం కూడా నేర్పాలి అని వారి పట్టుదల.

అదే కాలంలో బరోడాలో మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇట్లాంటి పనే చేశారు. 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్ అనే గ్రంథాలయ నిపుణుణ్ణి రప్పించి సంస్థానమంతటా గ్రంథాలయాలు పెట్టించారు. చెక్కపెట్టెల్లో పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపే ఏర్పాటు చేయించారు. మంచి పని. కాని అక్కడ రాజు వున్నాడు, ఖజానా వున్నది. మన దగ్గర రాజు లేడు. తెల్లదొరల ప్రభుత్వానికి ఆ శ్రద్ధ లేదు. ఇక్కడ ఆ పని చేసింది బడిపంతుళ్లు, వకీళ్లు, రైతులు, కోమటి కొట్ల యజమానులు, వూరి కుర్రవాళ్లు. రాజు చేసిన పనిని ప్రజలు తమంతట తాము చేయగలరని మన ప్రాంతం చేసి చూపించింది.

పడవలో పుస్తకాలు

ఇక మాకు అన్నిటికంటే ఇష్టమైన ముచ్చట చెబుతాం. పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా వాళ్లు నోరు తెరుచుకుని వింటారు.

ఆ రోజుల్లో కృష్ణా డెల్టాలో ప్రయాణమంటే కాలువ ప్రయాణమే. కృష్ణ సీతానగరం దగ్గర మొదలైన కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. 113 కిలోమీటర్లు. అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా పోతుంది. అంటే మన చీరాల తీరపు వెనక నుంచే ఒకప్పుడు సరుకుల పడవలు, మనుషుల పడవలు పోతుండేవి. పడవను ఒడ్డున తాడు కట్టి మనుషులు లాగేవారు. నడక కంటే కొంచెం నయం, అంతే. గంటలకొద్దీ కూర్చోవాలి. చుట్ట కాల్చాలి, లేదా వూరి కబుర్లు చెప్పుకోవాలి.

పాతూరి నాగభూషణం గారు ఆ ఖాళీ గంటలను చూశారు. 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య నడిచే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. ప్రయాణికులు ఎక్కుతారు, పుస్తకం తీసుకుంటారు, దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. చదువు రానివాడికి పక్కవాడు చదివి వినిపిస్తాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడో బండ్ల మీద, ఒంటెల మీద పుస్తకాలు తిప్పినవాళ్లు వున్నారు. నీళ్ల మీద జనం రోజూ పోయే పడవలోనే గ్రంథాలయం పెట్టింది మన గుంటూరు సీమ.

ఇందులో ఎంత తెలివి వుందో గమనించండి. ఆయన కొత్త భవనం కట్టలేదు. జనాన్ని తన దగ్గరకు రమ్మనలేదు. జనం ఎక్కడ కూర్చుని వున్నారో, ఎప్పుడు వాళ్లకు తీరిక వుందో చూసి, అక్కడికే పుస్తకాన్ని పంపారు. పల్లెలో చదువుకు సంబంధించిన మొదటి సూత్రం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇంకో ముచ్చట కూడా చీరాలదే. 1921లో చీరాల, పేరాలలను మునిసిపాలిటీగా చేసి పన్నులు పెంచారని జనం తిరగబడ్డారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో పదమూడు వేలకు పైబడిన జనం ఇళ్లు వాకిళ్లు వదిలి వూరి బయట రామనగరం అనే పందిళ్ల వూరు వేసుకుని పదకొండు నెలలు వున్నారు. ఎండకు, వానకు, జబ్బులకు ఓర్చుకున్నారు. ఆ గోపాలకృష్ణయ్య గారే ఇక్కడ ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను పెట్టి, సామాన్యులకు విద్య అందాలని తపించారు. ఆయన స్కాట్లండు దాకా పోయి ఎం.ఏ. చదివి వచ్చిన మనిషి. అంతటి చదువు చదివిన మనిషి చివరికి పందిళ్ల వూళ్లో జనంతో కూర్చున్నాడు. చదువుకున్నవాడు జనంలోకి రాకపోతే చదువు కూడా జనంలోకి రాదు.

మనవాళ్ల సంగతి

ఇదంతా బాగానే వుంది, ఈ కథలో మన ముస్లింలు ఎక్కడ అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు కూడా న్యాయంగానే చెప్పుకోవాలి.

1871లో భారత ప్రభుత్వం ముస్లింల విద్య వెనకబడిందని ఒక తీర్మానం చేసింది. దాని వెంట 1872లో మద్రాసు ప్రభుత్వం ముస్లింలు ఎక్కువగా వున్న చోట్ల ప్రాథమిక పాఠశాలలు పెట్టమని, ముస్లిం ఉపాధ్యాయులకు శిక్షణ ఇమ్మని ఆదేశించింది. 1882లో హంటర్ కమిషన్ మళ్లీ ఈ విషయాన్నే ఎత్తింది. ఆ బళ్ల మూలంగా పట్నాల్లో ఉర్దూ చదువు నిలబడింది. మేము బతుకుతున్నదే ఆ వరుసలో వచ్చిన బడి మీద కనుక దాన్ని తక్కువ చేయం. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాల నిలబెట్టారు. అదీ మన గర్వకారణం.

అయితే ఈ బళ్లన్నీ పట్నంలో, ఉర్దూ మాట్లాడే వీధిలో వుండేవి. పల్లెల్లో వున్న మనవాళ్లలో ఎక్కువమంది ఎవరు? నూర్‌బాషాలు. పత్తి పండే ఈ సీమలో తరతరాలుగా విల్లు పట్టి దూదేకి, పరుపులు కుట్టి బతికినవాళ్లు. దూదేకే మిషన్లు వచ్చాక ఆ విల్లు మూలన పడింది. వాళ్లు కూలికి, చిల్లర వ్యాపారాలకు మళ్లారు. వాళ్ల ఇంట్లో మాట తెలుగు. నమాజు అరబ్బీలో చదువుతారు, బిడ్డను జో కొట్టేది తెలుగులో. వాళ్లకు మనం ఏ బడి చూపించాం? ఉర్దూ బడి వాళ్లకు దూరం, తెలుగు బడిలో వాళ్లు వెనక బెంచీ. ఈ రెండింటి మధ్య జారిపోయిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు.

ఇక్కడ మా తప్పు మేము చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద మేమే ఒక పల్లెలో నూర్‌బాషాల వీధిలో సాయంత్రం తరగతి పెట్టాం. ఉర్దూ ఖాయిదా, పలకలు, చాప అన్నీ మా చేతి డబ్బుతోనే. మొదటి వారం ఇరవైమందికి పైగా వచ్చారు. నాలుగో వారానికి నలుగురు మిగిలారు. తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదని పదిమందిలో అన్నాం కూడా. అప్పుడు ఒక ముసలావిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "మాస్టారూ, మా పిల్లలకు చదువు వద్దని కాదయ్యా. మా ఇంట్లో మాట మీ పలక మీద లేదు. ముందు మా మాట రాయడం నేర్పండి, తర్వాత మీ మాట కూడా నేర్చుకుంటారు" అన్నది. ఆ రోజు ఆ మజ్జిగ గొంతు దిగడం కష్టమైంది. ట్రైనింగులో ఎవరూ చెప్పని పాఠం అది.

ఉర్దూ మాకు ప్రాణం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా వచ్చినప్పుడు మేము సంతోషించాం. అయినా చెబుతున్నాం. పల్లె కేంద్రంలో మొదటి అక్షరం పిల్లవాడి ఇంటి భాషదే కావాలి. ఉర్దూ ఇంట ఉర్దూ, తెలుగింట తెలుగు. రెండోది వెంటనే చెప్పుకోవచ్చు. ఒక కాలు నేల మీద నిలిస్తేనే రెండో కాలు ముందుకు పడుతుంది.

చదువు ఎవరి నోట వచ్చినా తీసుకోవాలనడానికి మనకు పాత దృష్టాంతమే వుంది. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో చదువు వచ్చినవాళ్లు తలా పదిమంది పిల్లలకు రాయడం నేర్పితే అదే వాళ్ల విడుదలకు వెల అని ప్రవక్త (స) నిర్ణయించినట్లు సీరత్ గ్రంథాలు చెబుతాయి. నిన్న కత్తి పట్టి ఎదురు నిలిచినవాడి దగ్గర కూడా అక్షరం నేర్చుకున్న సంప్రదాయం మనది. అట్లాంటప్పుడు వేటపాలెం నేతగాళ్ల దగ్గర, పడవల్లో పుస్తకాలు పెట్టినవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మనకు నామోషీ ఎందుకు?

సర్కారు చేయి, వూరి చేయి

స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు కూడా ఈ పనిలో చేయి వేసింది. ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషితో 1948లో మద్రాసు రాష్ట్రం గ్రంథాలయ చట్టం చేసింది. స్వతంత్ర దేశంలో అదే మొదటిది. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాల కోసం వసూలు చేసే పద్ధతి దాని కిందిదే. అంటే ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరూ, మీరూ మేమూ, గ్రంథాలయానికి చందాదారులమే. ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మన వూరికి ఆ పైసలతో వచ్చిందేమిటని ఎంతమందిమి అడిగాం?

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ల మధ్య వున్న పదికోట్లమందికి ఐదేళ్లలో చదువు నేర్పాలని దాని లక్ష్యం. 1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. 1990లో కేరళలో ఎర్నాకుళం జిల్లా దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్యత జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ గాలి మన పక్క జిల్లా నెల్లూరును తాకింది. అక్కడ రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు వాచకంలో ఒక పాఠం చదివారు. ఒక వూళ్లో ఆడవాళ్లు కలిసి సారా కొట్టు మూయించిన కథ అది. చదివి వూరుకోలేదు. దూబగుంటలో రోశమ్మ గారు, ఆమె తోటివాళ్లు సారా కొట్టును నిజంగానే మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరులో సారా అమ్మకం నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారన్నది వేరే సంగతి. పలక పట్టిన కూలి ఆడవాళ్లు ఒక సర్కారు చేత చట్టం చేయించారు. అక్షరం అంత పని చేస్తుంది.

ఆ రోజుల్లో మేము చిన్నపిల్లలం. మా వీధిలో లాంతరు చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పలక మీద పేరు రాసుకోవడం మాకు గుర్తుంది. మా దాదీమా వేలిముద్ర మాని సంతకం పెట్టిన రోజున ఇంట్లో సేమియా వండారు. పండగ కాకపోయినా పండగే. ఆమె పోయేదాకా ఆ సంతకం వంకరగానే వుండేది. కాని వేలికి సిరా పూయడానికి వచ్చినవాణ్ణి "కలం ఇటివ్వు నాయనా" అని గద్దించేది.

మరి ఆ లాంతర్లన్నీ ఏమయ్యాయి? ఇదే అసలు ప్రశ్న. మేము పనిచేసిన ఒక వూళ్లో, పేరు అక్కర్లేదు, ఒక పథకం కింద రాత్రి బడి పెట్టారు. నల్లబల్ల వచ్చింది, లాంతరు వచ్చింది, రిజిస్టరు వచ్చింది. పంతులుకు నెలనెలా కొంత ముట్టచెబుతామన్నారు. కొన్నాళ్లు ముట్టింది. తర్వాత ఆలస్యం, తర్వాత ఆగిపోయింది. బడీ ఆగిపోయింది. మేము తర్వాత పోయి చూస్తే నల్లబల్ల ఒక ఇంట్లో కోళ్ల గూటికి తలుపుగా వుంది. ఎందుకు ఆగిందని వూళ్లో ఒక్కరూ అడగలేదట. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. పెట్టేటప్పుడు వూరిని ఎవరూ అడగలేదు, తీసేటప్పుడు వూరు ఎందుకు అడుగుతుంది?

వేటపాలెం గ్రంథాలయం నూరేళ్లు నిలవడానికి, ఈ నల్లబల్ల కోళ్ల గూటికి పోవడానికి తేడా ఇక్కడే వుంది. సర్కారు సాయం గాలి లాంటిది. గాలి వీచినప్పుడు పడవ వేగంగా పోతుంది. గాలి ఆగినా పడవ ముందుకు పోవాలంటే చేతిలో తెడ్డు వుండాలి. తెడ్డు వూరివాళ్లది కావాలి.

మన లెక్క

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 65 మంది దాకా చదువు వచ్చినవాళ్లుంటే, ముస్లింలలో 59 మంది. ఇంకో సంగతి కూడా అందులో తేలింది. మదరసాలకు పోయే మన పిల్లలు నూటికి నలుగురే. మిగిలిన పిల్లలు పోతే మామూలు బడికి పోవాలి, లేకపోతే పనికి పోవాలి. కనుక మన పిల్లల చదువును మదరసా చూసుకుంటుందిలే అని మనం నిశ్చింతగా కూర్చోవడానికి లేదు.

పైన చెప్పిన చరిత్ర నుంచి మేము తీసుకున్న పాఠాలు నాలుగు.

మొదటిది, వేళ. పనికి తగ్గ వేళ పెట్టాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. పడవలు ఒడ్డున వుంటాయి, మనుషులు ఇంట్లో వుంటారు. వాడరేవులో చదువుకు అదే మంచి కాలం. మిరప వూళ్లలో సరిగ్గా దానికి తిరకాసు. అక్కడ కోతల కాలంలో కేంద్రం కూడా కుటుంబాల వెంట కల్లం దగ్గరకు పోవాలి. నాగభూషణం గారు పడవ ఎక్కించినట్లే మనమూ పలకలను కల్లానికి తీసుకుపోవాలి.

రెండోది, పంతులు. ఆ వీధిలోనే పుట్టిన పిల్లో, పిల్లవాడో కావాలి. పది, ఇంటరు చదివి ఇంట్లో వున్న ఆడపిల్లలు మన వాళ్లలో ఎంతమంది లేరు! వాళ్లకు సొసైటీ నెలకు కొంత ఇస్తే వాళ్ల చదువూ ముందుకు పోతుంది, వీధి చదువూ మొదలవుతుంది. మా వంటి పట్నం పంతుళ్లు వారానికోసారి పోయి వాళ్లకు చేయూత ఇస్తే చాలు.

మూడోది, విషయం. మొదటి రోజు నుంచే పనికి వచ్చే చదువు చెప్పాలి. బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు, బస్సు బోర్డు. మిరపచేలో వాడే పురుగుమందు డబ్బా మీద రంగుల గుర్తు వుంటుంది. ఎరుపు వుంటే అతి తీవ్రమైన విషం, పసుపు వుంటే దాని తర్వాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఒక తల్లికి ఈ నాలుగు రంగుల అర్థం, డబ్బా మీద మూడు ముక్కలు చదవడం నేర్పితే, ఆమె ఆ డబ్బాను పిల్లలకు అందే చోట పెట్టదు. అక్షరానికి ఇంతకంటే విలువ ఏం కావాలి? రేవులో తుఫాను హెచ్చరిక అంకె ఎగరేస్తారు. ఆ అంకె అర్థం ప్రతి ఇంట్లో తెలియాలి. 1977 నవంబరు 19 తుఫాను మన తీరంలో ఎన్ని వేలమందిని మింగిందో పెద్దవాళ్లు మర్చిపోలేదు.

నాలుగోది, డబ్బు. సొసైటీ సగం ఇవ్వాలి, వీధి సగం ఇవ్వాలి. వీధి సగం రూపాయల్లోనే వుండనక్కర్లేదు. మన పాత ఇళ్లలో పొయ్యి మీదకు ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి పక్క కుండలో వేసేవారు. మసీదుకో, మక్తబ్‌కో అది పోయేది. ఆ కుండను మళ్లీ పెట్టమంటున్నాం. ఒకరు అరుగు ఇస్తారు, ఒకరు దీపం ఇస్తారు, ఒకరు చాప ఇస్తారు. తనది ఒక్క పిడికెడు వున్న చోట నల్లబల్లను ఎవరూ కోళ్ల గూటికి పట్టుకుపోనివ్వరు.

ఇంకొక్క మాట. ఈ కేంద్రాల తలుపు మన పిల్లలకే అని పెట్టవద్దు. వాడరేవులో మన ఇళ్లు కొన్నే. పక్కన వేటకు పోయే ఇళ్లు ఎన్నో. చాప మీద కూర్చున్న పిల్లవాణ్ణి నీదే కులం, ఏ మతం అని అడిగితే ఆ చాప పరచకపోవడమే నయం. కొల్లూరు పడవలో పుస్తకం అడిగినవాణ్ణి ఎవరూ అట్లా అడిగి వుండరు.

షాదీఖానా వద్దని మేము అనడం లేదు. బీదవాడి కూతురి పెళ్లి గౌరవంగా జరగాలి. కింద హాలు వుంది, అందులో పెళ్లిళ్లు జరుగుతూనే వున్నాయి. మేడ రెండేళ్లు ఆగగలదు. మిరపకోతలకు పోయిన ఆ ఆడపిల్ల ఆగలేకపోయింది. మేము చూస్తుండగానే పెద్దదైంది, మొన్న పెళ్లి కూడా అయింది. మన షాదీఖానాలోనే. రిజిస్టరులో సంతకం చేయవలసి వచ్చినప్పుడు వేలు ముందుకు చాపింది. పక్కన సాక్షిగా నిలబడిన మేము తల ఎత్తలేకపోయాం.

ఆమెకు బిడ్డ పుడుతుంది. ఆ బిడ్డ వేలికి సిరా అంటకుండా చూడటం మన చేతుల్లో వుంది. సర్వసభ్య సమావేశంలో చేయి ఎత్తేటప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోమని సభ్యులందరికీ మనవి చేస్తున్నాం.